మెడ మూలంలో ఇరుకు, చేతికి ముప్పు
థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్‌కు శస్త్రచికిత్స – ఫలితాలు

చేయి పైకెత్తి పనిచేసినప్పుడల్లా తిమ్మిరి, చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారడం, పట్టుకున్న వస్తువు తెలియకుండానే జారిపోవడం వంటి బాధలతో వైద్యులను ఆశ్రయించేవారు అనేకులు. వీరిలో అధికులకు మెడ ఎముకల మధ్య డిస్క్ జారడమో, మోచేతి వద్ద గాని మణికట్టు వద్ద గాని నరం నొక్కుకుపోవడమో కారణంగా ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం కారణం ఈ మూడు చోట్లా కనిపించదు. మెడ నుంచి చంక వైపు నరాలు, రక్తనాళాలు ప్రయాణించే ఇరుకైన మార్గంలో అవి ఒత్తిడికి లోనవుతాయి. ఈ స్థితినే థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అంటారు.

ఈ వ్యాధికి మందులతో, వ్యాయామంతో ఉపశమనం లభించనప్పుడు మొదటి పక్కటెముకను తొలగించే శస్త్రచికిత్స చేస్తారు. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలలో పనిచేసే చేయి మూలపడటం ఎంతటి విపత్తో, ఆ చేతికి అనవసరమైన శస్త్రచికిత్స జరగడం అంతకు తక్కువ విపత్తు కాదు. తగిన రోగికి, తగిన సమయంలో చేసినప్పుడు ఈ శస్త్రచికిత్స చేతిని నిలబెడుతుంది. నిర్ధారణ సరిగా జరగనిచోట రోగిని మునుపటికంటే అధ్వాన్న స్థితికి చేర్చిన ఉదంతాలూ వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఈ రెండింటికీ నడుమ గల తేడా అధికంగా శస్త్రవైద్యుని కత్తిలో గాక, అంతకు ముందు జరిగే పరిశీలనలో ఉన్నది.

ఇరుకు ఎక్కడ ఏర్పడుతుంది

మెడ, ఛాతీ పైభాగపు వెన్నుపూసల నుంచి వెలువడే ఐదు నాడీమూలాలు కలిసి బాహు నాడీజాలంగా ఏర్పడి చేతికి చేరతాయి. గుండె నుంచి వచ్చే సబ్‌క్లేవియన్ ధమని ఈ నాడీజాలంతో కలిసి, మెడ పక్కనున్న ముందరి, మధ్య స్కేలీన్ కండరాల మధ్యగా సాగుతుంది. ఈ కండరాలు రెండూ మొదటి పక్కటెముకకు అతుక్కుని ఉంటాయి గనుక అక్కడ ఒక త్రికోణం ఏర్పడుతుంది. దాని అడుగుభాగం మొదటి పక్కటెముకే. చేతి నుంచి గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే సబ్‌క్లేవియన్ సిర మాత్రం ఈ త్రికోణం గుండా పోదు. ముందరి స్కేలీన్ కండరానికి ముందుగా, భుజం ముందరి కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఉన్న సందులో నుంచి వెళుతుంది. మరికొంత దూరంలో, ఛాతీ ముందున్న పెక్టోరాలిస్ మైనర్ అనే చిన్న కండరం కింద మూడవ ఇరుకు ఉన్నది. నాడులు, ధమని, సిర వేర్వేరు సందులలో నలగడం వల్లనే ఒకే పేరుగల వ్యాధి మూడు భిన్న రూపాలలో కనిపిస్తుంది.

పుట్టుకతోనే కొందరికి ఏడవ మెడ వెన్నుపూస నుంచి అదనంగా ఒక చిన్న పక్కటెముక మొలుస్తుంది. దీనిని మెడ పక్కటెముక అంటారు. జనాభాలో సుమారు ఒక శాతానికి లేదా అంతకంటే తక్కువ మందికి ఇది ఉంటుంది. పురుషులకంటే స్త్రీలలో అధికం. ఇది ఉన్నవారిలో అత్యధికులకు జీవితకాలంలో ఏ బాధా కలగదు. కనుక ఎక్స్‌రేలో మెడ పక్కటెముక కనిపించినంత మాత్రాన శస్త్రచికిత్స అవసరమని భావించరాదు.

అదనపు ఎముక లేనివారిలో స్కేలీన్ కండరాలు గట్టిపడి మచ్చకట్టడం ప్రధాన కారణం. రోడ్డు ప్రమాదంలో మెడ ఒక్కసారిగా ముందుకూ వెనుకకూ విసిరినట్లు ఊగినప్పుడు ఈ కండరాలు దెబ్బతింటాయి. చేతులు తలపైకెత్తి గంటల తరబడి చేసే పనులు, భుజాలను కిందికి లాగే బరువులు కూడా ఒత్తిడిని పెంచుతాయి. గోడలకు రంగులు వేసేవారు, పైకప్పుల వద్ద తీగల పని చేసే ఎలక్ట్రీషియన్లు, బస్తాలు మోసే హమాలీలు, ఈతగాళ్లు, బంతి విసిరే క్రీడాకారులు తమ పనిలో ఇటువంటి భంగిమలనే పదేపదే పునరావృతం చేస్తుంటారు.

మూడు రూపాలు

రోగులలో పది మందిలో తొమ్మిది మందికి పైగా నాడీ సంబంధమైన రూపమే కనిపిస్తుంది. మెడ, భుజం, చేయి నొప్పి, వేళ్ల తిమ్మిరి, తల దువ్వుకుంటున్నప్పుడు, దండెంపై బట్టలు ఆరవేస్తున్నప్పుడు చేయి బరువెక్కి వాలిపోవడం దీని లక్షణాలు. సిర సంబంధమైన రూపం కొద్ది శాతం మందిలోనే ఉంటుంది. ధమని సంబంధమైనది మరీ అరుదు, సుమారు ఒక శాతం. అయితే అవయవానికి, ఒక్కొక్కప్పుడు ప్రాణానికి, ముప్పు తెచ్చేవి అరుదైన ఈ రెండు రూపాలే.

సిర సంబంధమైన రూపం సాధారణంగా ఆరోగ్యవంతులైన యువతీయువకులలో హఠాత్తుగా బయటపడుతుంది. శ్రమతో కూడిన పని లేదా వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజులలో చేయి మొత్తం వాచి, నీలిరంగుకు మారుతుంది. భుజం, ఛాతీ మీద సిరలు ఉబ్బి కనిపిస్తాయి. కాలర్ ఎముక వెనుక నలిగిన సిరలో రక్తం గడ్డకట్టడమే ఇందుకు కారణం. లండన్‌కు చెందిన జేమ్స్ పాజెట్ 1875లో, వియన్నాకు చెందిన వాన్ ష్రోటర్ 1884లో దీనిని వర్ణించారు. అందువల్ల దీనికి పాజెట్-ష్రోటర్ సిండ్రోమ్ అనే పేరు కూడా ఉన్నది.

ధమని సంబంధమైన రూపంలో దాదాపు ఎల్లప్పుడూ మెడ పక్కటెముక గాని, సహజ రూపం తప్పిన మొదటి పక్కటెముక గాని ఉంటుంది. ఎముక ఒరిపిడికి ధమని గోడ దెబ్బతిని, ఉబ్బి, లోపల రక్తపు గడ్డలు ఏర్పడతాయి. అవి తునకలై వేళ్లకు చేరినప్పుడు వేళ్లు చల్లబడి, పాలిపోయి, చివరలు నల్లబడతాయి. పొగతాగే అలవాటున్నవారిలో దీనిని బర్జర్ వ్యాధిగా పొరబడే అవకాశం ఉన్నది. ఒక చేతి వేళ్లు మాత్రమే నల్లబడుతున్న యువకునికి మెడ, ఛాతీ ఎక్స్‌రే తీయించడం ఖర్చు తక్కువైనా విలువ ఎక్కువైన పరీక్ష.

ధమని రూపాన్ని ఉపేక్షిస్తే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోస్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు జె.ఆర్. రిచర్డ్ ఉదంతం తెలుపుతుంది. 1978లోనూ, 1979లోనూ వరుసగా 300కు పైగా బ్యాట్స్‌మన్‌లను అవుట్ చేసిన ఈ బంతి విసిరే ఆటగాడు 1980 సీజన్‌లో తన చేయి నిర్జీవమవుతున్నదని పలుమార్లు చెప్పాడు. సోమరితనమనీ, నటన అనీ పత్రికలలో విమర్శలు వచ్చాయి. 1980 జూలై 30న సాధన చేస్తూండగా అతడు పక్షవాతంతో కుప్పకూలాడు. అప్పటికి అతని వయస్సు 30 సంవత్సరాలు. చేతి ధమనిలోని అవరోధానికి మూలం థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమేనని తరువాత తేలింది. అతడు మళ్లీ మేజర్ లీగ్ మైదానంలోకి దిగలేకపోయాడు. 2021లో మరణించాడు.

నిర్ధారణలోని చిక్కు

సిర, ధమని రూపాలను నిర్ధారించడం కష్టం కాదు. డూప్లెక్స్ అల్ట్రాసౌండ్, సీటీ యాంజియోగ్రామ్‌లలో గడ్డ గాని, ఉబ్బు గాని స్పష్టంగా కనిపిస్తుంది. చిక్కంతా నాడీ రూపంతోనే. దీనిని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగ్ గాని లేదు. బొటనవేలి మూలంలోని కండరం కృశించిపోయే తీవ్రదశలో మాత్రమే నాడీ ప్రసరణ పరీక్షలో స్పష్టమైన లోపం కనిపిస్తుంది. అటువంటి రోగులు చాలా తక్కువ. మిగిలినవారిలో ఈ పరీక్ష సాధారణంగానే ఉండవచ్చు.

చేతిని ఒక భంగిమలో ఉంచి, మెడ తిప్పి, నాడి ఆగుతుందేమో చూసే ఆడ్సన్ పరీక్ష పూర్వం విరివిగా వాడుకలో ఉండేది. ఆరోగ్యవంతులలో కూడా చాలామందికి ఆ భంగిమలో నాడి అందకపోవడం వల్ల దానిపై ఆధారపడటం తగ్గింది. రెండు చేతులూ పైకెత్తి, మోచేతులు వంచి, మూడు నిమిషాలపాటు గుప్పిళ్లు మూస్తూ తెరుస్తూ ఉండమనే రూస్ పరీక్ష కొంత మెరుగైనది. అమెరికాలోని సొసైటీ ఫర్ వాస్క్యులర్ సర్జరీ 2016లో ప్రకటించిన ప్రమాణాలు ఈ విషయంలో ఒక క్రమాన్ని తెచ్చాయి. వాటి ప్రకారం లక్షణాలు కనీసం 12 వారాలుగా ఉండాలి. స్కేలీన్ త్రికోణం వద్ద గాని పెక్టోరాలిస్ మైనర్ వద్ద గాని నొప్పి, నొక్కితే బాధ. చేతులు పైకెత్తినప్పుడు పెరిగే తిమ్మిరి, బలహీనత. ఆ లక్షణాలకు మరే ఇతర కారణమూ కనిపించకపోవడం. స్కేలీన్ కండరంలోకి మత్తుమందు సూది ఇచ్చినప్పుడు ఉపశమనం కలగడం అనే నాలుగింటిలో మూడు తప్పక ఉండాలి.

ఈ సూది పరీక్షకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది. అల్ట్రాసౌండ్ సహాయంతో ముందరి స్కేలీన్ కండరాన్ని కొద్దిసేపు సడలింపజేసినప్పుడు చేతి బాధ తగ్గితే, శస్త్రచికిత్సతో కూడా మేలు జరిగే అవకాశం ఎక్కువ. సూదితో ఏ మార్పూ లేనివారికి ఎముక తీసినా ప్రయోజనం అనుమానమే. మెడ డిస్క్ సమస్యను ఎమ్మారై ద్వారా, మణికట్టు, మోచేతి వద్ద ఒత్తిడిని నాడీ పరీక్షల ద్వారా ముందుగా వేరుచేయడం అవసరం. మణికట్టు వద్ద నొక్కుకుపోయినప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. ఇక్కడ సాధారణంగా చిటికెన, ఉంగరపు వేళ్లు ముందుగా బాధపడతాయి. ఈ చిన్న తేడాను రోగి స్పష్టంగా చెప్పగలిగితే వైద్యుని పని సగం తేలికవుతుంది.

శస్త్రచికిత్స చరిత్ర

మెడ పక్కటెముకను తొలగించే శస్త్రచికిత్స 1861లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో హోమ్స్ కూట్ చేశారు. సహజమైన మొదటి పక్కటెముకను సైతం తొలగించి రోగికి ఉపశమనం కలిగించవచ్చునని 1910లో ఆస్ట్రేలియాకు చెందిన థామస్ మర్ఫీ చూపారు. ఆ తరువాత ఈ విద్య వేరొక దారి పట్టింది. 1927లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఆడ్సన్, కాఫీలు ఎముకను తీయనవసరం లేదని, ముందరి స్కేలీన్ కండరాన్ని కోస్తే చాలునని ప్రతిపాదించారు. పని తేలిక, ప్రమాదం తక్కువ కావడంతో ఆ పద్ధతి దశాబ్దాలపాటు ఆదరణ పొందింది. కాని కోసిన కండరం మచ్చకట్టి తిరిగి అతుక్కోవడంతో చాలామందిలో బాధ మళ్లీ మొదలయ్యేది. 1956లో అదే మేయో క్లినిక్ వైద్యులు ఈ వ్యాధికి నేటి పేరు పెట్టారు. 1962లో క్లాగెట్ మొదటి పక్కటెముక తొలగింపునకు తిరిగి ప్రాధాన్యం కల్పించారు. 1966లో డెన్వర్ నగరానికి చెందిన డేవిడ్ రూస్ చంక మార్గంలో ఆ ఎముకను తొలగించే పద్ధతిని ప్రకటించడంతో శస్త్రచికిత్సల సంఖ్య వేగంగా పెరిగింది.

పెరిగిన సంఖ్యతోపాటు ఫిర్యాదులూ పెరిగాయి. చేతి నాడులు శాశ్వతంగా దెబ్బతిన్న కేసులు వెలుగులోకి వచ్చాయి. 1990లో ఒకే నాడీవైద్య పత్రికలో రెండు పరస్పర విరుద్ధ వ్యాసాలు ప్రచురితం కావడం ఈ వివాద తీవ్రతకు నిదర్శనం. ఈ వ్యాధిని లేనివారిలో కూడా ఉన్నట్లు నిర్ధారిస్తున్నారని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన నాడీవైద్యుడు ఆసా విల్‌బర్న్ వాదించగా, ఉన్నవారిలోనూ దీనిని గుర్తించడం లేదని రూస్ వాదించారు. ఇద్దరి వాదనలోనూ సత్యం ఉండటం వల్లనే ఆ చర్చ నేటికీ ముగియలేదు.

ఎప్పుడు, ఎలా

నాడీ రూపంలో తొందర అవసరం లేదు. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసం ఆరు వారాల నుంచి మూడు నెలలపాటు వ్యాయామం, కూర్చునే, పనిచేసే భంగిమల సవరణ, నొప్పి మందులతో చికిత్స చేసి చూడాలి. గణనీయమైన సంఖ్యలో రోగులు దీనితోనే కోలుకుంటారు. అప్పటికీ చేయి పనికి అడ్డుతగులుతుంటే, లేదా కండరం కృశించడం మొదలైతే, శస్త్రచికిత్సను ఆలోచించాలి. కృశించడం మొదలైన తరువాత మాత్రం కాలయాపన తగదు. శస్త్రచికిత్స నొప్పిని తగ్గించి, క్షీణతను ఆపగలదే గాని, పోయిన కండరాన్ని తిరిగి తెచ్చే సందర్భాలు అరుదు.

సిర రూపంలో లెక్క రోజులలో ఉంటుంది. చేయి వాచిన 14 రోజులలోగా రోగి ఆసుపత్రికి చేరితే సన్నని గొట్టం ద్వారా గడ్డను కరిగించే మందును నేరుగా సిరలోకి పంపవచ్చు. ఆ గడువు దాటినకొద్దీ గడ్డ గట్టిపడి, మందు పనిచేయడం తగ్గుతుంది. గడ్డ కరిగిన తరువాత మొదటి పక్కటెముకను తొలగించి, కొన్ని నెలలపాటు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడతారు. ఎముకను తీయకుండా సిరలో స్టెంట్ అమర్చడం సరికాదని అనుభవం నిరూపించింది. రెండు ఎముకల మధ్య నలిగి ఆ స్టెంట్ వంగిపోవడమో, విరిగిపోవడమో జరుగుతుంది. ధమని రూపంలో అదనపు ఎముకను తొలగించడంతోపాటు, ఉబ్బిన ధమని భాగాన్ని తీసి, అవసరమైతే రోగి శరీరంలోని సిర ముక్కతోనే ఆ దారిని పునరుద్ధరిస్తారు.

ఎముకను చేరుకునే మార్గాలలో ముఖ్యమైనవి రెండు. చంకలో కోత పెట్టి, చేతిని పైకెత్తి పట్టుకుని చేసే పద్ధతిలో మచ్చ కనిపించదు, ఎముక బాగా అందుతుంది. అయితే పైనున్న నాడీజాలం అంత స్పష్టంగా కనిపించదు. కాలర్ ఎముకకు పైన కోత పెట్టే పద్ధతిలో స్కేలీన్ కండరాలు, నాడులు, ధమని కళ్లెదుటే ఉంటాయి. మచ్చకట్టిన కణజాలాన్ని నాడుల చుట్టూ నుంచి విడదీయవచ్చు. సిరను పూర్తిగా విడిపించవలసినప్పుడు కాలర్ ఎముకకు కింద మరొక కోత అవసరం కావచ్చు. ఇటీవలి సంవత్సరాలలో ఛాతీలోకి కెమెరా పంపి, కొన్నిచోట్ల రోబో సహాయంతో, ఈ ఎముకను తొలగిస్తున్నారు. శస్త్రవైద్యునికి ఏ మార్గంలో అనుభవం ఎక్కువో ఆ మార్గమే రోగికి క్షేమకరం అనుకోవడంలో పొరపాటు లేదు.

ముప్పులు లేకపోలేదు. ఊపిరితిత్తి పైపొర చిరిగి ఛాతీలో గాలి చేరడం తరచుగా ఎదురయ్యేది. దీనిని గొట్టం అమర్చి సరిచేయవచ్చు. చంక మార్గంలో పై చేతి లోపలివైపు తిమ్మిరి కొంతకాలం, కొందరిలో శాశ్వతంగా, మిగిలిపోవచ్చు. శ్వాసకండరమైన డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రెనిక్ నాడి దెబ్బతింటే ఆయాసం వస్తుంది. భుజపు రెక్క ఎముకను పట్టి ఉంచే నాడి దెబ్బతింటే ఆ ఎముక పైకి పొడుచుకు వస్తుంది. ఎడమవైపున శోషరస వాహిక తెగి ద్రవం కారవచ్చు. పెద్ద రక్తనాళం తెగడం, బాహు నాడీజాలం గాయపడటం అనుభవజ్ఞుల చేతిలో అరుదే అయినా, జరిగితే తీవ్రమైనవి. వీటన్నింటినీ రోగికి అర్థమయ్యే మాటలలో ముందుగా చెప్పి, ఆ తరువాతనే సమ్మతి పత్రంపై సంతకం తీసుకోవాలి.

ఫలితాలు ఏమి చెబుతున్నాయి

సిర, ధమని రూపాలలో ఫలితాలు ఆశాజనకం. సకాలంలో గడ్డ కరిగించి ఎముక తొలగించినవారిలో అత్యధికులు వాపు లేని చేతితో తమ పూర్వపు పనులకు, ఆటలకు తిరిగి వెళ్లగలుగుతున్నారు. ధమని రూపంలో వేళ్లు నల్లబడకముందే చికిత్స జరిగితే చేయి దక్కుతుంది.

నాడీ రూపంలో చిత్రం ఇంత సూటిగా లేదు. నిపుణ కేంద్రాలు ప్రచురించిన నివేదికలలో సుమారు 70 నుంచి 90 శాతం మందికి తొలి సంవత్సరాలలో మంచి ఉపశమనం కనిపిస్తున్నది. కాలం గడిచినకొద్దీ కొందరిలో బాధ తిరిగి వస్తున్నది. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రోగులను జాగ్రత్తగా ఎంపిక చేసే కేంద్రాల అంకెలివి. అన్నిచోట్లా ఇవే వస్తాయని భావించడానికి వీలులేదు.

ఇందుకు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వ కార్మిక నష్టపరిహార వ్యవస్థ రికార్డులే తార్కాణం. పనిలో గాయపడి, ఈ వ్యాధికి శస్త్రచికిత్స చేయించుకున్న 158 మంది కార్మికుల వివరాలను పరిశోధకులు పరిశీలించి 2000లో ప్రకటించారు. శస్త్రచికిత్స జరిగిన ఏడాది తరువాత కూడా వారిలో 60 శాతం మంది పనికి వెళ్లలేని స్థితిలోనే ఉన్నారు. ఇదే వ్యాధి నిర్ధారణ అయి శస్త్రచికిత్స చేయించుకోని కార్మికులతో పోల్చినప్పుడు వీరు పనికి దూరంగా ఉండే అవకాశం మూడు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. వ్యాధి తీవ్రంగా ఉన్నవారే శస్త్రచికిత్సకు వెళ్లి ఉండవచ్చు గనుక ఈ పోలికను పూర్తిగా శస్త్రచికిత్స దోషంగా చూడరాదు. అయినప్పటికీ ఆస్పత్రి గది నుంచి చూసిన ఫలితానికీ, కూలి డబ్బుల లెక్కలో చూసిన ఫలితానికీ ఎంత దూరముందో ఈ అంకెలు బయటపెట్టాయి. ఆ రాష్ట్ర కార్మిక శాఖ 2010 నాటి మార్గదర్శకాలలో శస్త్రచికిత్సకు ముందు నాడీ పరీక్షల ద్వారా ధ్రువీకరణను కోరింది.

పరిశోధనా ప్రమాణాలలో అగ్రస్థానంలో ఉండే యాదృచ్ఛిక పోలిక పరీక్షలు ఈ రంగంలో చాలా తక్కువ. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 55 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి చంక మార్గంలో మొదటి పక్కటెముకను తొలగించారు. రెండవ వర్గానికి ఎముకను ముట్టకుండా, మెడ మార్గంలో నాడుల చుట్టూ ఉన్న బంధాలను మాత్రమే విడదీశారు. ఎముక తొలగించిన వర్గంలో నొప్పి తగ్గుదల మెరుగ్గా ఉన్నది. కాని అసలు శస్త్రచికిత్స చేయడం, చేయకపోవడం మధ్య పోలిక అందులో లేదు. 2014లో కాక్రేన్ సంస్థ తన సమీక్షలో ఆ లోటునే ఎత్తి చూపింది.

ఆ లోటును కొంతమేరకు నెదర్లాండ్స్ పరిశోధకులు తీర్చారు. వ్యాయామ చికిత్సతో ఫలితం లేని 50 మంది నాడీ రూప రోగులను తీసుకుని, సగం మందికి వెంటనే చంక మార్గంలో శస్త్రచికిత్స చేశారు. మిగిలినవారికి అదే వ్యాయామ చికిత్సను కొనసాగించారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడు నెలల తరువాత రోజువారీ పనులలో చేతి ఇబ్బందిని కొలిచే ప్రశ్నావళిలో శస్త్రచికిత్స వర్గం స్పష్టంగా మెరుగైన స్థితిలో ఉన్నది. రోగుల సంఖ్య స్వల్పమే. ఎవరికి శస్త్రచికిత్స జరిగిందో రోగికి తెలుసు గనుక ఆశ అనే అంశం కూడా ఫలితంలో కలిసి ఉండవచ్చు. అయినా నిపుణుల చేతిలో, నిశితంగా ఎంపిక చేసిన రోగులలో, ఈ శస్త్రచికిత్స మేలు చేస్తుందనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అంతకుముందు లేదు.

క్రీడాకారుల అనుభవం సైతం ఏకరీతిగా లేదు. బేస్‌బాల్ ఆటగాడు కెన్నీ రోజర్స్‌కు 2001లో ఈ శస్త్రచికిత్స జరిగింది. అయిదేళ్ల తరువాత, 41 ఏళ్ల వయస్సులో, 2006 వరల్డ్ సిరీస్‌లో అతడు ఎనిమిది ఇన్నింగ్స్‌లపాటు ప్రత్యర్థులకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2021లో ఇదే శస్త్రచికిత్స చేయించుకున్నా, 2022లో ఒకే ఒక మ్యాచ్ ఆడి, 2024లో ఆటకు వీడ్కోలు పలికాడు. ఇద్దరికీ ఉత్తమ వైద్యం అందింది. శస్త్రచికిత్స విజయవంతం కావడం వేరు, గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో బంతి విసరగలగడం వేరు.

పొగతాగడం, చికిత్స పొందని మానసిక కుంగుబాటు, నల్లమందు జాతి నొప్పి మందులను దీర్ఘకాలం వాడటం, ఏళ్ల తరబడి బాధను భరించిన తరువాత వైద్యానికి రావడం, మెడలో మరొక వ్యాధి కూడా ఉండటం ఫలితాన్ని తగ్గించే అంశాలుగా గుర్తించారు. వీటిలో కొన్నింటిని శస్త్రచికిత్సకు ముందే సరిదిద్దవచ్చు.

శస్త్రచికిత్స తరువాత

సాధారణంగా రోగి కొద్ది రోజులలో ఇంటికి చేరతాడు. ఛాతీ ఎక్స్‌రే తీసి గాలి, నీరు చేరలేదని ధ్రువపరచుకుంటారు. మెడ, భుజం బిగుసుకుపోకుండా మృదువైన కదలికలను త్వరగానే ప్రారంభిస్తారు. తేలికపాటి పనులకు కొన్ని వారాలు, బరువులెత్తే పనులకు సుమారు మూడు నెలలు పట్టవచ్చు. నాడి కోలుకోవడం మాత్రం నెమ్మది. తిమ్మిరి పూర్తిగా తగ్గడానికి ఏడాది వరకు పట్టడం అసాధారణం కాదు. కూలి పనులపై ఆధారపడిన కుటుంబాలు ఈ వ్యవధిని ముందుగానే లెక్కించుకుని శస్త్రచికిత్స తేదీని నిర్ణయించుకోవడం ఉచితం. వ్యవసాయ పనుల మధ్యలో చేయించుకుని, పది రోజులకే బస్తా ఎత్తినవారికి శ్రమ, ఖర్చు రెండూ వృథా అవుతాయి.

ఇంటికి వెళ్లిన తరువాత ఆయాసం, ఛాతీలో పొడుచుకున్నట్లు నొప్పి, చేయి తిరిగి వాచడం, వేళ్లు చల్లబడటం, జ్వరంతో గాయం నుంచి ద్రవం కారడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా వాటిని మానరాదు. పన్ను తీయించుకోవడం వంటి చిన్న చికిత్సకు వెళ్లినా ఆ సంగతి ముందుగా చెప్పాలి.

బాధ తిరిగి వచ్చినప్పుడు రెండవ శస్త్రచికిత్స అవసరమవుతుందా అనేది కష్టమైన ప్రశ్న. మొదటిసారి ఎముక వెనుక భాగంలో పొడవైన మొన మిగిలిపోవడం, నాడుల చుట్టూ మచ్చ ఏర్పడటం, పెక్టోరాలిస్ మైనర్ వద్ద ఒత్తిడిని గమనించకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. మచ్చకట్టిన చోట మళ్లీ కోయడంలో నాడులకు ముప్పు మొదటిసారి కంటే అధికం గనుక రెండవ శస్త్రచికిత్సను విశేష అనుభవం గలవారే చేయాలి. ఏ మార్గంలో కోశారు, ఎముకను ఎంతవరకు తీశారు, ఏ కండరాలను తొలగించారు, నాడులు ఎలా కనిపించాయి అన్న వివరాలు శస్త్రచికిత్స నివేదికలో ఉంటాయి. డిశ్చార్జి సమయంలో ఆ నివేదిక ప్రతిని, శస్త్రచికిత్సకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలను అడిగి తీసుకుని భద్రపరచుకోవాలి. సంవత్సరాల తరువాత మరొక ఊరిలో, మరొక వైద్యుని ముందు కూర్చోవలసి వస్తే రోగికి అక్కరకు వచ్చేవి ఆ కాగితాలే.